మహమ్మారి వచ్చినా తిండి ఆగకూడదంటే: ఫుడ్ సప్లై చైన్‌ని ముందే గట్టి చేసుకోడం ఎలా, స్టెప్ బై స్టెప్

2020 మార్చిలో బ్రిటన్ షాపుల్లో గోధుమ పిండి మాయమైపోయింది. దేశంలో పిండి అయిపోయిందనుకున్నారు జనం. కానీ మిల్లుల్లో పిండి బోలెడుంది, గోధుమలూ ఉన్నాయి, లేనిదల్లా చిన్న సంచి. అక్కడి మిల్లర్ల సంఘం చెప్పిన లెక్కేంటంటే మొత్తం పిండిలో షాపుల ద్వారా ఇళ్లకి వెళ్లేది 4 శాతమే, మిగతాదంతా ట్యాంకర్లలోనో పెద్ద బస్తాల్లోనో బేకరీలకి, ఫ్యాక్టరీలకి పోతుంది. అందరూ ఇళ్లల్లో కూర్చుని ఒకేసారి కొనడం మొదలెట్టేసరికి చిన్న సంచులు నింపే లైన్లు రాత్రింబవళ్లు నడిపినా వారానికి 15 శాతం ఇళ్లకి ఒక్కో సంచి ఇవ్వగలిగేంతే తయారైంది.

ఈ గైడ్ అంతా ఆ సంచి గురించే అనుకోండి. మహమ్మారిలో గొలుసు సాధారణంగా పొలం దగ్గర తెగదు, సంచి దగ్గర తెగుతుంది, లోడింగ్ చేసే మనిషి దగ్గర తెగుతుంది, బోర్డర్‌లో చూపించాల్సిన కాగితం దగ్గర తెగుతుంది. అంటే మనం కాపాడుకోవాల్సింది సరుకుని కాదు, సరుకు దూరి వెళ్లే ఇరుకు సందుల్ని. రైతుల దగ్గర కొని అమ్మేవాళ్లు, ప్రాసెసింగ్ యూనిట్లు, హోల్‌సేలర్లు, షాపులు, క్యాంటీన్లు, సహకార సంఘాలు, ఎవరైనా వాడుకోవచ్చు. వరుసలోనే చెయ్యాలని రూలేం లేదు, కానీ మొదటి రెండు స్టెప్పులు వదిలేస్తే మిగతావన్నీ గాల్లో మేడలే.

స్టెప్ 1: మ్యాప్ గియ్యండి, కానీ సరుకుది మాత్రమే కాదు

సప్లై చైన్ మ్యాప్ అనగానే అందరూ రైతు, మిల్లు, గోడౌన్, షాపు అని నాలుగు డబ్బాలు గీసి మధ్యలో బాణాలు పెడతారు. దానివల్ల ఏం తెలీదు. ఒక్కో డబ్బా కింద ఐదు విషయాలు రాయండి: ఇక్కడ పని చేసే మనుషులు ఎవరు, ఎక్కణ్ణుంచి వస్తారు, ఎలా వస్తారు. ప్యాకింగ్ దేంట్లో, ఆ సంచీ ఆ మూతా ఆ లేబులూ ఎవరిస్తారు. కరెంటు, డీజిల్, గ్యాస్ ఎక్కడివి. బండి ఎవరిది, డ్రైవర్ ఎవరు. ఏ సంతకం, ఏ సర్టిఫికెట్ లేకపోతే సరుకు కదలదు.

ఇవి రాస్తుంటే వింతలు బయటపడతాయి. అమెరికాలో 2020 ఏప్రిల్‌లో ఏమైందంటే, జనం కార్లు తియ్యడం మానేశారు, పెట్రోల్ అమ్మకాలు పడిపోయాయి, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి గిరాకీ లేక చాలా ఇథనాల్ ప్లాంట్లు మూసేశారు. ఆ ప్లాంట్ల నుంచి పక్క ఉత్పత్తిగా వచ్చేదే కార్బన్ డయాక్సైడ్, అది కూల్ డ్రింకుల్లోకీ, మాంసం చల్లబరచడానికీ, ప్యాకింగ్‌కీ వాడతారు. కారు ఆగితే మాంసం ప్యాకింగ్‌కి ఇబ్బంది వస్తుందని ఎవరైనా ముందే అనుకుంటారా? అందుకే మీ సప్లయర్‌ని "మీకు సరుకు ఎవరిస్తారు" అని అడిగి ఊరుకోకండి, "ఏది ఆగితే మీరు రెండ్రోజుల్లో ఆగిపోతారు" అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి వచ్చే జవాబులే మీకు కావాలి. సప్లయర్‌కి సప్లయర్ దాకా వెళ్తే చాలు, ఇంకా వెనక్కి వెళ్తే పని తెమలదు.

స్టెప్ 2: ఒక్కో సందుకీ రెండు నంబర్లు వెయ్యండి

అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ సిమ్చి లెవీ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది, చాలా సింపుల్, పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం అక్కర్లేదు. ఒకటి కోలుకునే టైమ్, అంటే ఆ సప్లయరో ఆ ప్లాంటో ఆగిపోతే మళ్లీ మామూలవడానికి, లేదా వేరే చోట నుంచి తెచ్చుకోడానికి ఎన్ని రోజులు. రెండోది తట్టుకునే టైమ్, అంటే అది లేకుండా మనం కస్టమర్‌కి సరుకు ఆపకుండా ఎన్ని రోజులు నెట్టుకురాగలం. మొదటిది రెండోదానికంటే ఎక్కువుంటే అక్కడ గొయ్యి ఉన్నట్టే.

ఒక లెక్క చూద్దాం. మీ ప్యాకింగ్ ఫిల్మ్ (సరుకు చుట్టే ప్రింటెడ్ ప్లాస్టిక్ రోల్) ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, అది ఆగితే ఇంకో చోట ప్రింట్ చేయించుకుని తెచ్చుకోడానికి 42 రోజులు పడుతుంది, మీ దగ్గరున్నది 10 రోజులకి సరిపడా. 32 రోజుల గొయ్యి. అదే ముడి ధాన్యం విషయానికొస్తే ఐదారుగురు అమ్మేవాళ్లున్నారు, ఒకరు ఆగితే 3 రోజుల్లో ఇంకొకరి దగ్గర కొనచ్చు, 15 రోజుల స్టాక్ ఉంది, గొయ్యి లేదు. చాలామంది ఏం చేస్తారంటే డబ్బంతా పోసి ఇంకో నెలకి ధాన్యం కొని పెట్టుకుంటారు, ఎందుకంటే ధాన్యం కళ్లకి కనపడుతుంది, పెద్ద ఖర్చు కాబట్టి ముఖ్యం అనిపిస్తుంది. ఫిల్మ్ ఖర్చు మొత్తంలో చిన్న భాగం, నెలన్నర స్టాక్ అదనంగా పెట్టుకున్నా పెద్ద భారం కాదు, పాడవదు, ఓ మూల పడుంటుంది. చవకైన వస్తువు వల్ల ఖరీదైన వస్తువు ఆగిపోవడమే మహమ్మారిలో మళ్లీ మళ్లీ జరిగిన కథ.

లిస్టు మొత్తానికి ఈ లెక్క వేసి, గొయ్యి ఎంత పెద్దదో చూసి వరుసగా పేర్చండి. పైనున్న పది చాలు, ఆ పదీ సరిచేస్తే మిగతావాటి సంగతి తర్వాత చూస్కోవచ్చు.

స్టెప్ 3: మనుషులు. ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి

మహమ్మారికీ వరదకీ పెద్ద తేడా ఏంటంటే వరదలో బిల్డింగ్ పోతుంది, మనుషులు ఉంటారు, మహమ్మారిలో బిల్డింగూ మెషీన్లూ నిక్షేపంలా ఉంటాయి, మనుషులు ఉండరు. 2006లో అమెరికా ఫ్లూ మహమ్మారి కోసం రాసుకున్న ప్లాన్‌లో పీక్ టైమ్‌లో 40 శాతం దాకా ఉద్యోగులు పనికి రాకపోవచ్చని లెక్కేసుకోమన్నారు, జబ్బు చేసినవాళ్లు, ఇంట్లో జబ్బు చేసినవాళ్లని చూసుకునేవాళ్లు, స్కూళ్లు మూసేసి పిల్లలతో ఉండిపోయినవాళ్లు, భయపడి రానివాళ్లు, అందరూ కలిపి. ఆ నంబర్‌తో మొదలుపెట్టండి. 20 మంది లైన్ మీద 12 మందే వస్తే ఏం నడుస్తుంది, ఏం ఆగుతుంది? "అప్పుడు చూద్దాం" అనేది జవాబు కాదు.

చెయ్యాల్సినవి చెప్తా.

ఒక్కడికే తెలిసిన పని ఏదో వెతకండి. బాయిలర్ ఆపరేటర్, కోల్డ్ స్టోరేజ్ మెకానిక్, ల్యాబ్ టెస్ట్ సంతకం పెట్టే ఆవిడ, సాఫ్ట్‌వేర్‌లో బిల్లు కొట్టే ఒకే ఒక్క అబ్బాయి. ఒక్కో పనికి కనీసం ముగ్గురికి నేర్పించండి, ఇద్దరు చాలరు, ఎందుకంటే ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు, ఒకరికొస్తే ఇంకొకరికొస్తుంది. లైసెన్స్ కావాల్సిన పనైతే ఆ ముగ్గురికీ లైసెన్స్ ఇప్పుడే తెప్పించాలి.

షిఫ్టుల్ని టీములుగా విడగొట్టండి, ఏ టీమ్ మనుషులు ఆ టీమ్‌లోనే. మధ్యలో అరగంట గ్యాప్, ఒకళ్లు వెళ్లాకే ఇంకొకళ్లు రావాలి. ఇది ప్లాంటు లోపల చేసి బస్సులో అందర్నీ కలిపి ఎక్కించేస్తే ఏం లాభం లేదు. బస్సు, భోజనాల గది, బట్టలు మార్చుకునే గది, హాస్టల్, ఈ నాలుగు చోట్లా కూడా అంటుకుంటుంది, లైన్ మీద మాత్రమే కాదు.

అలాగని లైన్ కూడా తక్కువేం కాదు. జర్మనీలో రెడా వీడెన్‌బ్రూక్ అనే ఊళ్లో పెద్ద మాంసం ప్లాంట్ ఉంది, 2020 జూన్‌లో అక్కడ 1,500 మందికి పైగా కోవిడ్ అంటుకుంది. అంతకుముందు మే నెలలో అదే ప్లాంట్‌లో మొదలైన కేసుల్ని పరిశోధకులు తర్వాత తవ్వి చూస్తే, మాంసం కోసే చల్లటి హాల్లో ఒక మనిషి నుంచి దాదాపు 8 మీటర్ల దూరం దాకా పనిచేసేవాళ్లకి పాకింది అని తేలింది. ఆ హాల్లో బయటి గాలి చాలా తక్కువ, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంటారు. మీటరున్నర దూరం అని నేల మీద గీతలు గీసుకుంటే సరిపోదని దీని అర్థం. చల్లటి గదుల్లో బయటి గాలి ఎంత లోపలికొస్తోందో ఇంజనీర్‌తో కొలిపించండి, ఫిల్టర్లు పెట్టించండి, కరెంటు బిల్లు పెరుగుతుంది, పెరగనివ్వండి. అట్టపెట్టెల మీద స్ప్రే కొట్టడానికి పెట్టే ఖర్చు ఆపి ఇటు పెట్టండి. 2020 ఏప్రిల్‌లోనే డబ్ల్యూహెచ్‌ఓ, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) కలిసి ఇచ్చిన గైడెన్స్‌లో ఆహారం నుంచో ప్యాకింగ్ నుంచో ఈ జబ్బు రావడం చాలా అరుదు అని చెప్పినా నెలల తరబడి డబ్బాలు తుడిచినవాళ్లున్నారు. రాబోయే జబ్బు ఇలాగే ఉంటుందని గ్యారంటీ లేదు, కాబట్టి అది ఎలా పాకుతుందో తెలిసిన రోజే ఖర్చు ఎక్కడ పెట్టాలో మళ్లీ తేల్చుకోవాలి.

ఇంకోటి, జీతంతో కూడిన సిక్ లీవ్. ఇది దయ అనుకుంటారు కొందరు, కాదు, ఇది మెషీన్ మెయింటెనెన్స్ లాంటిదే. రోజు కూలి పోతుందనే భయం ఉంటే జ్వరం మింగుకుని పనికొస్తాడు, వచ్చి పదిమందికి అంటిస్తాడు. సెలవు పెట్టకుండా వస్తే బోనస్ అని ఆశ చూపించడం అయితే మరీ ఘోరం, జబ్బుని డబ్బిచ్చి లోపలికి పిలవడమే. పై ఉదాహరణలోని జర్మనీ ఏం చేసిందంటే 2021 జనవరి 1 నుంచి పెద్ద మాంసం కంపెనీల్లో కబేళా, కోత పనుల్లో సబ్ కాంట్రాక్ట్ కూలీల పద్ధతినే చట్టం పెట్టి ఆపేసింది, ఎందుకంటే ఎవరి మనుషులో తెలీని మనుషుల ఆరోగ్యం ఎవరూ పట్టించుకోరు.

సీజన్ కూలీల మీద ఆధారపడే పని అయితే బోర్డర్లు మూసేసే రోజు గురించి కూడా ఆలోచించాలి. అదే జర్మనీ 2020 మార్చి 25న సీజన్ కూలీల్ని రావద్దంది, పంట చేతికొచ్చే టైమ్‌కి మళ్లీ మాట మార్చి ఏప్రిల్‌లో 40,000, మేలో 40,000 మంది దాకా విమానాల్లో రానిచ్చింది. మీకు అలా విమానాల్లో రానిచ్చే ప్రభుత్వం ఉండకపోవచ్చు, అందుకని దగ్గర్లోనే కోత పనికి వచ్చేవాళ్ల లిస్టు, వాళ్లకి రెండ్రోజుల ట్రైనింగ్ ఎలా ఇస్తారో ఒక పేజీ, రెడీగా ఉంచుకోండి.

చివరిగా, మనుషులు తగ్గితే రకాలు తగ్గించాలి. ముప్పై రకాల ప్యాకులు చేసే లైన్‌ని ఎనిమిదికి కుదిస్తే మెషీన్ మార్పులు తగ్గి తక్కువ మందితో ఎక్కువ సరుకొస్తుంది, 2020లో చాలా ఫుడ్ కంపెనీలు చేసింది ఇదే. ఆ ఎనిమిదీ ఏవో ఇవాళే రాసి పెట్టండి, గొడవ జరిగే టైమ్‌లో సేల్స్ వాళ్లూ ప్రొడక్షన్ వాళ్లూ కూర్చుని వాదించుకుంటే తెల్లారిపోతుంది.

స్టెప్ 4: రెండు దార్లకీ పనికొచ్చే ప్యాకింగ్

అమెరికాలో కోవిడ్‌కి ముందు జనం తిండి మీద పెట్టే ఖర్చులో సగానికి పైగా బయట తినడానికే పోయేది. కొద్ది వారాల్లోనే అందులో చాలా భాగం ఇంటి వైపు తిరిగింది. హోటళ్లకీ స్కూళ్లకీ వెళ్లే పాలు, గుడ్లు, కూరగాయలు ఒక దారిలో నడుస్తాయి, షాపులకెళ్లేవి ఇంకో దారిలో, మధ్యలో వంతెన లేదు. ఒక పక్క రైతులు పాలు పారబోస్తున్నారు, ఇంకో పక్క షాపులు మనిషికి రెండు ప్యాకెట్లే అని బోర్డు పెట్టాయి. స్కూల్‌కి వెళ్లే చిన్న డబ్బా నింపే మెషీన్ మీద ఇంటి సైజు డబ్బా నింపలేరు కదా.

సో ఇప్పుడు చెయ్యాల్సింది: కొత్తగా మెషీన్ కొనేటప్పుడు సైజు మార్చుకునే వీలున్నదే కొనండి, కాస్త ఖరీదెక్కువైనా. అది కుదరకపోతే చిన్న సైజులో ప్యాక్ చేసి పెట్టే ఇంకో యూనిట్‌తో ముందే ఒప్పందం రాసుకోండి, ఏడాదికోసారి చిన్న బ్యాచ్ నిజంగా అక్కడ ప్యాక్ చేయించండి, లేదంటే అవసరమొచ్చిన రోజు వాళ్ల మెషీన్‌కి మీ సరుకు పడదని తెలుస్తుంది. లేబుల్ సంగతి మర్చిపోకండి. హోటల్ కోసం చేసిన బస్తా మీద షాపులో అమ్మడానికి కావాల్సిన వివరాలు ఉండవు. 2020 మార్చి ఏప్రిల్ నెలల్లో అమెరికాలో ఆహారం, మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఈ లేబుల్ రూల్స్‌ని తాత్కాలికంగా సడలించాకే హోటల్ సరుకు షాపుల్లోకి రావడం సులువైంది. మీ చోట అలా సడలించే అధికారం ఏ ఆఫీసుకుందో, దరఖాస్తు ఎలా పెట్టాలో కనుక్కోండి. అలర్జీ వివరాలు మాత్రం ఏ సడలింపులోనూ వదలకూడదు. అన్నిటికీ సరిపోయేలా ఖాళీ స్టిక్కర్ రోల్, ఒక ప్రింటర్ ఉంచుకుంటే బస్తా మీద అప్పటికప్పుడు అంటించుకోవచ్చు, ఇంత చిన్న విషయం ఎంత మందిని కాపాడుతుందో.

స్టెప్ 5: రెండో సప్లయర్ అంటే ఫోన్ నంబర్ కాదు

"మాకు బ్యాకప్ సప్లయర్ ఉన్నాడు" అంటారు, అడిగితే ఆయన దగ్గర మూడేళ్లుగా ఒక్క కిలో కూడా కొనలేదు. కొరత వచ్చిన రోజు ఆయన ముందు చూసుకోవాల్సిన కస్టమర్లు ఆయనకి వేరే ఉంటారు. మామూలు రోజుల్లోనే ఒక 20 శాతం దాకా ఆయన దగ్గర కొనండి, రేటు కొంచెం ఎక్కువైనా ఆ తేడాని ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోండి.

ఇద్దరున్నా ఒకే ఊళ్లో ఉంటే ఒకే లాక్‌డౌన్‌లో ఇద్దరూ ఆగిపోతారు. ఇద్దరికీ ఒకే చోట నుంచి డబ్బాలొస్తుంటే అది కూడా అంతే. స్టెప్ 1 మ్యాప్ పక్కన పెట్టుకుని చూడండి.

పెద్ద ప్లాంట్లు చవక, చిన్నవి బతికిస్తాయి. 2020 ఏప్రిల్ చివర, మే మొదట్లో అమెరికాలో పందుల కబేళాలు వరసగా మూతపడి ముందటేడాది కంటే సుమారు 40 శాతం దాకా పని పడిపోయింది, కొద్ది ప్లాంట్ల మీదే అంతా నడుస్తుండడం వల్ల. కొట్టంలో పంది రోజూ పెరుగుతూనే ఉంటుంది, ఆవు పొదుగు రోజూ నిండుతూనే ఉంటుంది, కోడిపిల్ల ఆరేడు వారాల్లో సైజుకొచ్చేస్తుంది. ప్రాణం ఉన్న సరుకుని గోడౌన్‌లో పెట్టి తాళం వేసినట్టు ఆపలేం. అలాగని అన్నీ లోకల్‌గా కొనేద్దాం అనేది కూడా నేను ఒప్పుకోను, ఆ ఊళ్లోనే జబ్బు ముదిరితే, ఆ ఏడాదే వానలు పడకపోతే ఏంటి? దగ్గరదొకటి, దూరానిదొకటి, పెద్దదొకటి, చిన్నదొకటి, అలా కలిపి పెట్టుకోడమే మేలు.

స్టెప్ 6: స్టాక్ ఎక్కడ, ఎంత

అన్నిటికీ స్టాక్ పెంచితే మునిగిపోతారు. పాడవని, చవకైన, దొరక్కపోతే మొత్తం ఆగిపోయే వాటికి ఎక్కువ పెట్టండి: ప్యాకింగ్, మూతలు, ఉప్పు లాంటివి, క్లీనింగ్ కెమికల్స్, మెషీన్ స్పేర్ పార్టులు, గ్లౌజులు మాస్కులు. త్వరగా పాడయ్యేవాటికి స్టాక్ కాదు, వాటిని మార్చే సామర్థ్యం పెంచాలి, అంటే ఎండబెట్టడం, గడ్డకట్టించడం, పొడి చెయ్యడం. పాలు నిలవవు, పాలపొడి నిలుస్తుంది.

పెట్టిన స్టాక్ మూల పడి పురుగు పట్టకూడదంటే తిప్పుతుండాలి, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు బయటికి. దీనికి దేశాలు వాడే తెలివి మనం కూడా వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో ధాన్యం, బియ్యం, చక్కెర, నూనెల్లాంటివి కొన్ని నెలలకి సరిపడా నిల్వ ఉండాలని చట్టం ఉంది, కానీ ఆ నిల్వ ప్రభుత్వ గోడౌన్లలో కాదు, కంపెనీల దగ్గరే ఉంటుంది, ఖర్చుకి దిగుమతుల మీద వసూలు చేసే రుసుము నుంచి నిధి ఉంది. సింగపూర్ తన తిండిలో 90 శాతానికి పైగా బయట నుంచే తెచ్చుకుంటుంది, అక్కడ బియ్యం దిగుమతి చేసేవాళ్లు రెండు నెలల దిగుమతికి సమానమైన నిల్వ ఉంచాలి, సరుకు వాళ్లదే, మామూలు వ్యాపారంలో తిప్పుకుంటూనే ఉంటారు కాబట్టి పాతబడదు. మీరు ఒక సహకార సంఘమో వ్యాపారుల గ్రూపో అయితే ఇదే పద్ధతి, ఒక్కొక్కళ్లు కాస్త కాస్త అదనంగా ఉంచడం, ఖర్చు అందరూ పంచుకోవడం.

కోల్డ్ స్టోరేజ్ ఉంటే జనరేటర్ డీజిల్ ఎన్ని రోజులకుందో చూడండి. సరే, ఇది అందరికీ తెలిసిందే.

స్టెప్ 7: భయంతో వచ్చే ఆర్డర్లని ఎలా పట్టాలి

ఇది లెక్కతో చెప్తేనే అర్థమవుతుంది. ఒక షాపు రోజుకి 100 ప్యాకెట్లు అమ్ముతుంది, ఎప్పుడూ ఐదు రోజుల స్టాక్, అంటే 500 ఉంచుకుంటుంది. ఒక రోజు 120 అమ్ముడయ్యాయి. షాపు ఓనర్ "ఇక రోజూ 120" అనుకుంటే ఇప్పుడు 600 స్టాక్ కావాలి, కాబట్టి ఆ రోజు ఆర్డర్ 120 కాదు, అమ్మిన 120 ప్లస్ పెంచాల్సిన 100, మొత్తం 220. హోల్‌సేలర్‌కి కనపడేది 220 మాత్రమే. ఆయనా ఐదు రోజుల లెక్కే అయితే 1,100 స్టాక్ కావాలి, ఉన్నది 500, పంపిన 220 ప్లస్ పెంచాల్సిన 600, ఫ్యాక్టరీకి 820 ఆర్డర్ పెడతాడు. జనం కొన్నది 20 శాతం ఎక్కువ, ఫ్యాక్టరీకి కనపడింది ఎనిమిది రెట్లు. నిజంలో ఒక్క రోజు చూసి ఇంత ఎవరూ పెంచరు లెండి, కానీ నాలుగు రోజులు వరసగా టీవీలో ఖాళీ అల్మారాలు చూపిస్తే ఇదే దిశలో పోతుంది, తర్వాత జనం ఇళ్లు నిండిపోయి కొనడం మానేస్తే అంతా తిరగబడి ఫ్యాక్టరీ గోడౌన్‌లో సరుకు పేరుకుపోతుంది.

దీనికి మందు, ఆర్డర్లు కాకుండా అసలు అమ్మకాలు పైకి తెలియడం. షాపు బిల్లింగ్ నంబర్లు హోల్‌సేలర్‌కీ, ఫ్యాక్టరీకీ రోజూ వెళ్లే ఏర్పాటు మామూలు రోజుల్లోనే చేసుకోండి, ఒక షేర్డ్ షీట్ అయినా పర్లేదు. రెండోది, సరుకు చాలనప్పుడు పంచే రూలు. అడిగినదాంట్లో సగం ఇస్తాం అని ప్రకటిస్తే ఏమవుతుంది? రెట్టింపు అడుగుతారు. ఎవరు ఎక్కువ అబద్ధం ఆడితే వాళ్లకి ఎక్కువ సరుకు. అందుకే కొరతలో పంపకం ఈ వారం ఆర్డర్‌ని బట్టి కాదు, నిరుడు ఇదే నెలలో అమ్మినదాన్ని బట్టి అని ముందే కాంట్రాక్ట్‌లో రాసేయండి. షాపులో అయితే మనిషికి ఇన్ని అనే లిమిట్ మొదటి రోజే పెట్టాలి, సగం ఖాళీ అయ్యాక పెడితే ఆ బోర్డే భయాన్ని పెంచుతుంది. ముసలివాళ్లకీ జబ్బున్నవాళ్లకీ వేరే టైమ్ కూడా ఇవ్వండి.

స్టెప్ 8: బండ్లు, బోర్డర్లు, కాగితాలు

కోవిడ్‌కి ముందు విమానాల్లో వెళ్లే సరుకులో దాదాపు సగం ప్యాసింజర్ విమానాల పొట్టలోనే వెళ్లేది. ప్యాసింజర్లు ఆగిపోయారు, తాజా చేపలూ పండ్లూ కూరగాయల దారి కూడా ఆగిపోయింది. 2020 ఫిబ్రవరి మార్చిల్లో చైనా పోర్టుల్లో చల్లటి కంటైనర్లు దింపారు కానీ తీసుకెళ్లే డ్రైవర్లు లేక పేరుకుపోయి, వాటికి కరెంటు ఇచ్చే ప్లగ్గులు కూడా చాల్లేదు. ఆ ఏడాది చివరికి దాదాపు 4 లక్షల మంది ఓడ సిబ్బంది కాంట్రాక్ట్ అయిపోయినా దిగడానికి చాలా దేశాలు ఒప్పుకోక సముద్రం మీదే చిక్కుకుపోయారు.

వీటిలో చాలావాటిని ఒక కంపెనీ ఒక్కటే ఏం చెయ్యలేదు, కానీ కొన్ని చేతిలోనే ఉన్నాయి. ఒకే పోర్టు మీద పడి ఉండకండి. డ్రైవర్ దిగకుండా, లోపలి వాళ్లని కలవకుండా లోడింగ్ అయ్యే ఏర్పాటు, డ్రైవర్‌కి బాత్‌రూమ్, తిండి (దారిలో హోటళ్లన్నీ మూసి ఉంటాయని ఎవరూ గుర్తు పెట్టుకోరు). సిబ్బంది అందరికీ అత్యవసర సేవల పాసు ఎవరిస్తారో, ఏ ఫార్మాట్‌లో లెటర్ ఇవ్వాలో ముందే తెలుసుకోండి, ప్యాకింగ్ తయారుచేసేవాడు కూడా ఆ లిస్టులో ఉన్నాడో లేదో చూడండి, ఆహారం అత్యవసరం అని ప్రకటించి అట్టపెట్టె ఫ్యాక్టరీని మూయించిన చోట్లు ఉంటాయి. యూరప్‌లో 2020 మార్చి 23న గ్రీన్ లేన్లు అని పెట్టి సరుకు బండ్లు బోర్డర్ దాటడానికి 15 నిమిషాలకి మించి పట్టకూడదన్నారు, అలాంటిది మీ దారిలో కావాలంటే వ్యాపార సంఘం తరఫున ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి. ఇక మొక్కల సరుకులకి కావాల్సిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగులు, తెగుళ్లు లేవని చెప్పేది) కాగితం విమానంలో కొరియర్‌లో వెళ్లాలి, విమానం లేకపోతే? ఎలక్ట్రానిక్ పద్ధతి, ఈ-ఫైటో అంటారు, చాలా దేశాలు వాడుతున్నాయి, మీరు పంపే దేశం తీసుకుంటుందో లేదో చెక్ చెయ్యండి.

స్టెప్ 9: డబ్బు

చిన్నగానే చెప్తా. మీ కింద ఉన్న చిన్న సప్లయర్‌కి 90 రోజుల తర్వాత డబ్బిస్తుంటే గండం వచ్చిన నెలలోనే అతను మూసేస్తాడు, తర్వాత మీకు సరుకు ఎవరిస్తారు? గండంలో వారంలో పేమెంట్ ఇస్తాం అని కాంట్రాక్ట్‌లో రాయండి, దానికి బ్యాంకులో అప్పు లిమిట్ ముందే తీసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ పాలసీలో అంటువ్యాధి కవర్ అవుతుందా లేదా అని చివరి పేజీ దాకా చదవండి, 2020లో చాలామంది అప్పుడే మొదటిసారి చదివారు.

స్టెప్ 10: ప్రభుత్వంలో ఉన్నవాళ్లకి, వాళ్లతో మాట్లాడేవాళ్లకి

మహమ్మారిలో దేశాలు చేసే మొదటి తప్పు ఎగుమతులు ఆపెయ్యడం. 2007, 2008ల్లో ఇలాగే ఒకరి తర్వాత ఒకరు ఆపితే ప్రపంచ మార్కెట్లో బియ్యం రేటు కొన్ని నెలల్లో దాదాపు మూడు రెట్లయింది, పంట బాగానే ఉన్నా. ఆ దెబ్బ తర్వాతే 2011లో పెద్ద ఆర్థిక వ్యవస్థల గ్రూపైన జీ20 దేశాలు ఆమిస్ అనే సమాచార వ్యవస్థ పెట్టుకున్నాయి, గోధుమ, మొక్కజొన్న, వరి, సోయా ఎవరి దగ్గర ఎంత ఉందో అందరికీ తెలిసేలా. 2020 మార్చి 24న వియత్నాం కొత్త బియ్యం ఎగుమతులు ఆపింది, ఏప్రిల్‌లో 4 లక్షల టన్నుల కోటా ఇచ్చి మే 1 నుంచి మళ్లీ తెరిచింది. రష్యా ఏప్రిల్ నుంచి జూన్ దాకా 70 లక్షల టన్నుల ధాన్యం కోటా పెడితే అది ఏప్రిల్‌లోనే అయిపోయింది. కానీ ఈసారి 2008 లాంటి గొలుసుకట్టు మంట అంటుకోలేదు. నిల్వలు బాగుండటం, అవి ఎంతున్నాయో అందరికీ కనపడటం దానికి పెద్ద కారణాలని నా లెక్క. కాబట్టి మీ ప్రాంతంలో గోడౌన్ నిల్వల లెక్క వారానికోసారి బయటపెట్టే అలవాటు చెయ్యించండి. లెక్క కనపడని చోట పుకారే లెక్క అవుతుంది. ఆకలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, సరుకున్నా కొనడానికి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లకి సప్లై చైన్ ఎంత గట్టిగా ఉన్నా ఒకటే. స్కూల్ మూసేస్తే స్కూల్ భోజనం ఇంటికెలా వెళ్తుందో, ఆ లిస్టు ఎవరి దగ్గరుందో ముందే తేల్చుకోవాలి.

స్టెప్ 11: ఉత్తుత్తి గండం పెట్టి చూడండి

ఏడాదికి రెండుసార్లు, సగం రోజు. ముందు చెప్పకుండా పొద్దున్నే ఒక చీటీ ఇవ్వండి: "ఇవాళ 40 శాతం మంది రాలేదు, ఫిల్మ్ సప్లయర్ మూసేశాడు, హోటల్ ఆర్డర్లన్నీ క్యాన్సిల్, షాపుల ఆర్డర్లు రెట్టింపు." 40 శాతం మందిని నిజంగానే జీతంతో ఇంటికి పంపి ఒక షిఫ్ట్ నడపండి, కాగితం మీద ఆడే ఆటలో అందరూ గెలుస్తారు. మేనేజర్ కూడా ఆ 40 శాతంలో ఉండాలి, ఆయన ఫోన్ ఎత్తకూడదు, ఇదే అన్నిటికంటే కష్టమైన రూలు. బ్యాకప్ సప్లయర్‌కి నిజమైన చిన్న ఆర్డర్ పెట్టి ఎన్ని రోజుల్లో వచ్చిందో గడియారం పెట్టి చూడండి, స్టెప్ 2లో రాసుకున్న నంబర్ దగ్గర పెన్నుతో కొట్టేసి వచ్చిన నంబర్ రాయండి. నా అనుమానం, మొదటిసారి సగానికి సగం నంబర్లు మారతాయి.

సాయంత్రం ఏవి తెగాయో రాసుకునేటప్పుడు ఎవరి తప్పు అనే కాలమ్ పెట్టకండి, పెడితే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. ఏది తెగింది, ఎవరు సరిచేస్తారు, ఏ తారీఖులోగా, ఈ మూడే. ఆ కాగితంతో పాటు అందరి ఫోన్ నంబర్లు ప్రింట్ తీసి గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఒక కాపీ ఉంచండి, సర్వర్ పాస్‌వర్డ్ తెలిసిన మనిషికే జ్వరం వచ్చిన రోజు అదే పనికొస్తుంది.